గడప దాటే ప్రశ్న



మీరు ఫోన్‌లో ఒక వార్తల పేజీ తెరిచారనుకోండి. మీరు అడిగింది ఒక్క పేజీ. ఆ ఒక్క పేజీ కోసం మీ ఫోన్ ఎన్నో చోట్లకు పరుగెడుతుంది. వార్త ఒక చోటి నుంచి వస్తుంది. ఫొటోలు ఇంకో చోటి నుంచి వస్తాయి. పక్కన మెరిసే చీరల ప్రకటన మరో చోటి నుంచి. మీరు ఆ పేజీ మీద ఎంతసేపు ఆగారో లెక్క కట్టేవాళ్లు వేరే ఎక్కడో ఉంటారు. వీళ్లలో ఎవరి దగ్గరికి వెళ్లాలన్నా ముందు మీ ఫోన్ ఒక ప్రశ్న అడగాలి. ఫలానా పేరు గలవాళ్లు ఎక్కడుంటారు? అంతే ప్రశ్న.

ఆ ప్రశ్న గురించే ఈ రోజు మీతో మాట్లాడదామనుకుంటున్నాను. అది మీ గడప దాటేటప్పుడు ఎవరెవరి చెవిన పడుతోంది? పడకుండా మన ఇంట్లో మనం ఏం చేసుకోవచ్చు?

కంప్యూటర్లకు నంబర్లు కావాలి. మనకేమో పేర్లే గుర్తుంటాయి. అందుకని పేరు అడిగితే నంబరు చెప్పే ఏర్పాటు ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. దాన్ని డీఎన్ఎస్ అంటారు. 1983లో అమెరికాలో పాల్ మొకాపెట్రిస్ అనే ఆయన దీన్ని రూపొందించారు. అప్పట్లో ఆ నెట్‌వర్క్ వాడేవాళ్లు కొద్దిమందే. విశ్వవిద్యాలయాల వాళ్లు, పరిశోధన సంస్థల వాళ్లు. ఒకరి ప్రశ్న ఇంకొకరు వింటే ఏమవుతుందన్న బెంగ అప్పుడు లేదు. అందుకే ప్రశ్నను దాచే ఏర్పాటు అందులో పెట్టలేదు. అప్పుడు పెట్టని ఆ ఏర్పాటు చాలా ఇళ్లలో ఇవాళ్టికీ లేదు.

దాంతో ఏమవుతుందో చెబుతాను. మీరు కొత్త ఊళ్లో బస్సు దిగారు. నడిబజార్లో నిలబడి, "కిడ్నీ డాక్టరు గారి ఆసుపత్రి ఎక్కడండీ?" అని గట్టిగా కేకేశారు. దారి తెలిసినాయన చెప్పాడు. బాగానే ఉంది. కానీ ఆ కేక ఎంతమంది విన్నారు! టీ కొట్టు దగ్గరున్నవాళ్లు విన్నారు. ఆటోలవాళ్లు విన్నారు. లోపల డాక్టరుతో మీరేం మాట్లాడారో వాళ్లకు తెలియదు. మీరు ఎవరి దగ్గరికి వెళ్లారో మాత్రం తెలిసిపోయింది.

ఇంటర్నెట్‌లోనూ ఇదే జరుగుతోంది. ఈ రోజుల్లో వెబ్‌సైట్‌తో మనం మాట్లాడే మాటలు చాలావరకు ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తాయి. అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలో వెళ్తాయి. మాట దాగింది. కానీ ఆ మాటకు ముందు అడిగే ప్రశ్న దాగలేదు. అర్ధరాత్రి ఎవరో అప్పు ఇచ్చే యాప్ తెరుస్తారు. ఎవరో ఒక జబ్బు పేరున్న వెబ్‌సైట్ చూస్తారు. ఎవరో ఇంట్లో ఇంకా చెప్పకుండా వేరే ఉద్యోగం వెతుక్కుంటారు. ఆ పేర్లన్నీ కేకేసినట్టే బయటికి వెళ్తాయి. నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లకు కనిపిస్తాయి. దారిలో ఉన్న మరొకరికీ కనిపించవచ్చు. కావాలంటే దారిలో జవాబును మార్చి పంపడానికి కూడా వీలుంటుంది. అడిగినవాళ్లకు ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు ప్రకటనలను ఆపే యాడ్ బ్లాకర్ దగ్గరికి వద్దాం. మీలో కొందరి ఇళ్లలో ఇది ఇప్పటికే ఉండవచ్చు. కాలేజీలో చదివే అబ్బాయో అమ్మాయో రూటర్ పక్కన ఒక చిన్న పెట్టె పెట్టి ఉంటారు. అది రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్. దాని మీద పై-హోల్ అనో, యాడ్‌గార్డ్ హోమ్ అనో ఒక సాఫ్ట్‌వేర్ నడుస్తూ ఉంటుంది. రెండూ ఉచితమే. ఇంట్లో ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ అన్నీ తమ ప్రశ్నలు ముందు ఈ పెట్టెను అడుగుతాయి. పెట్టె దగ్గర ఒక జాబితా ఉంటుంది. ప్రకటనలవాళ్ల పేర్లు, మన వెంటపడి లెక్కలు రాసుకునేవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. అడిగిన పేరు ఆ జాబితాలో ఉంటే పెట్టె అన్నీ సున్నాలున్న నంబరు ఒకటి చెప్పేస్తుంది. అలాంటి చిరునామా ఎక్కడా లేదు. ప్రకటన రాదు.

ఆ పెట్టెలో లాగ్ అని ఒక పేజీ ఉంటుంది. మా ఇంట్లో రాత్రి అందరూ పడుకున్నాక ఆ పేజీ తెరిచి చూశాను. ఒక్కో ప్రశ్నకు ఒక్కో వరస. టైము, ఏ పరికరం అడిగింది, ఏ పేరు అడిగింది, పెట్టె ఏం జవాబు చెప్పింది. ఫోన్లన్నీ దాదాపు సద్దుమణిగాయి. టీవీ రిమోట్‌తో ఆపేశాం. అయినా టీవీ పేరుతో వరసలు వస్తూనే ఉన్నాయి. కాసేపటికొకటి, కాసేపటికొకటి. కొన్నింటి పక్కన ఆపినట్టు ఎర్ర గుర్తు. కొన్ని దాటి వెళ్లిపోయాయి. తెర నల్లగా ఉంది కదా అని మనం అనుకుంటాం, టీవీ మాత్రం తన మానాన ఎవరితోనో మాట్లాడుతూనే ఉంది.

అసలు సంగతి ఆ దాటి వెళ్లినవాటి దగ్గరుంది. పెట్టె ఆపేది ప్రకటనల పేర్లను. మిగతా పేర్లన్నీ, అంటే మీ ఆసుపత్రి, మీ బ్యాంకు, మీ పిల్లల చదువులు, వీటి నంబర్లు ఆ పెట్టెకూ తెలియవు. అది బయట ఎవరినో అడగాలి. అలా అడిగేటప్పుడు అదీ పాత పద్ధతిలోనే కేకేసిందనుకోండి, ఇంట్లో ప్రకటనలు తగ్గాయి గానీ వీధిలో వినేవాళ్లు తగ్గలేదు. ఈ ముక్క మళ్లీ చెబుతాను. ప్రకటనలు ఆగినంత మాత్రాన మీ ప్రశ్నలు దాగినట్టు కాదు. అవి రెండూ వేరు వేరు పనులు. రెండో పనిని విడిగా చేసుకోవాలి.

ఆ రెండో పనికి దారి ఎలా ఏర్పడిందో రెండు మాటల్లో చెబుతాను. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ అమెరికా నిఘా సంస్థల పత్రాలు బయటపెట్టాక ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఆ మరుసటి ఏడాది, ఇంటర్నెట్ సాంకేతిక నియమాలు రాసే ఇంజినీర్ల సంఘం ఒక తీర్మానానికి వచ్చింది. అందరి మీదా మూకుమ్మడిగా నిఘా పెట్టడాన్ని నెట్‌వర్క్ మీద దాడిగానే లెక్కేయాలి, దాన్ని తట్టుకునేలా నియమాలు రాయాలి అని. అక్కడి నుంచి పని సాగింది. డీఎన్ఎస్ ప్రశ్నను ఎన్‌క్రిప్ట్ చేసి పంపే ఒక పద్ధతికి 2016లో నియమాలు వచ్చాయి. దాన్ని డాట్ అంటారు. 2018లో ఇంకోటి వచ్చింది. దాన్ని డో అంటారు. ఈ రెండోది మామూలు వెబ్ పేజీలు వెళ్లే దారిలోనే ప్రశ్నను కూడా పంపుతుంది. మిగతా రద్దీలో కలిసిపోతుంది కాబట్టి ఇది డీఎన్ఎస్ ప్రశ్న అని విడిగా గుర్తుపట్టడం కష్టం. ఇంటి మటుకు రెండింటిలో ఏదైనా సరిపోతుంది.

అయితే ఒక విషయం జాగ్రత్తగా వినండి. ప్రశ్న దాగేది దారిలోనే. చేరిన చోట దాగదు. జవాబు చెప్పాల్సినవాళ్లకు ప్రశ్న తెలియాలి కదా! అంటే ఇప్పటిదాకా మీ ప్రశ్నలు విన్నది నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు. ఇకమీదట వినేది మీరు ఎంచుకున్నవాళ్లు. వినేవాళ్లు ఎప్పుడూ ఒకరుంటారు. ఆ ఒక్కరు ఎవరో తేల్చుకునే అవకాశం మీ చేతికి వస్తుంది. నా దృష్టిలో ఈ ఏర్పాటులో ఉన్న అసలు లాభం ఇదే.

ఎవరిని ఎంచుకోవాలి? గూగుల్ డీఎన్ఎస్ ప్రశ్నలకు జవాబిచ్చే సేవను 2009 నుంచి ఇస్తోంది. క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ 2018 నుంచి ఇస్తోంది. క్వాడ్‌నైన్ అనే సంస్థ 2017లో మొదలైంది. అది లాభాపేక్ష లేని సంస్థ. 2021లో తన కేంద్రాన్ని స్విట్జర్లాండ్‌కు మార్చుకుంది. ప్రశ్న అడిగినవారి ఐపీ అడ్రసును, అంటే నెట్‌లో వారి నంబరును, భద్రపరచబోమని ప్రకటించింది. పైగా మోసాలు చేసే వెబ్‌సైట్లని తేలిన పేర్లకు అది నంబరు చెప్పదు. నేను క్వాడ్‌నైన్ వైపే మొగ్గుతాను. ప్రకటనలు అమ్ముకుని బతికే కంపెనీకి నా ఇంటి ప్రశ్నలన్నీ అప్పగించడం నాకు ఇష్టం లేదు. మీ లెక్క వేరుగా ఉండవచ్చు. కానీ తెలిసి ఎంచుకోండి.

ఇక చేతిపని. యాడ్‌గార్డ్ హోమ్ ఉన్న ఇంటి సంగతి చెబుతాను. కాగితం, పెన్ను దగ్గరుంటే మంచిది.

బ్రౌజర్‌లో ఆ పెట్టె పేజీ తెరవండి. సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ సెట్టింగ్స్ అని ఉంటుంది. అక్కడ అప్‌స్ట్రీమ్ సర్వర్లు అని ఒక పెద్ద గడి కనిపిస్తుంది. మీ పెట్టె ఎవరిని అడగాలో రాసే చోటు అదే. కొత్తగా పెట్టినప్పుడు అందులో ఎన్‌క్రిప్ట్ అయిన అడ్రసే ఉంటుంది. ఎవరో చెప్పారని దాన్ని చెరిపేసి ఉత్త నంబరు పెట్టేస్తుంటారు. చూసుకోండి. అడ్రసు ముందు హెచ్‌టీటీపీఎస్ అనో టీఎల్ఎస్ అనో ఉంటే ప్రశ్న దాగి వెళ్తోంది. ముందు ఏమీ లేకుండా నాలుగు అంకెల గుంపులు, మధ్యలో చుక్కలు మాత్రమే ఉంటే కేకేసి అడుగుతోంది. ఈ ఒక్క గుర్తు చాలు.

క్వాడ్‌నైన్ అడ్రసు చెబుతాను, రాసుకోండి. హెచ్‌టీటీపీఎస్, కోలన్, రెండు స్లాష్‌లు. డీఎన్ఎస్ డాట్ క్వాడ్9 డాట్ నెట్. ఒక స్లాష్. డీఎన్ఎస్ హైఫన్ క్వెరీ. మళ్లీ ఒకసారి. హెచ్‌టీటీపీఎస్, కోలన్, రెండు స్లాష్‌లు, డీఎన్ఎస్ డాట్ క్వాడ్9 డాట్ నెట్, స్లాష్, డీఎన్ఎస్ హైఫన్ క్వెరీ. క్వాడ్ అన్న అక్షరాల తర్వాత తొమ్మిది అంకె వేయాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. క్వాడ్‌నైన్‌కు చేరాలంటే ముందు క్వాడ్‌నైన్ నంబరు తెలియాలి. అది ఎవరిని అడగాలి? అందుకోసం కింద బూట్‌స్ట్రాప్ అని ఇంకో గడి ఉంటుంది. అందులో 9.9.9.9 అని నంబరు ఇవ్వండి. ఆ ఒక్క ప్రశ్న మాత్రం బాహాటంగా వెళ్తుంది. మిగతావన్నీ దాగి వెళ్తాయి. ఫాల్‌బ్యాక్ అని మరో గడి కూడా ఉంటుంది. దాని దగ్గర కాస్త జాగ్రత్త. మొదటి దారి పనిచేయనప్పుడు వాడే రెండో దారి అది. అక్కడ ఉత్త నంబరు పెడితే, ఎన్‌క్రిప్షన్ ఆగిపోయిన రోజున మీ ప్రశ్నలు చడీచప్పుడు లేకుండా పాత పద్ధతికి వెళ్లిపోతాయి. మీకు తెలియను కూడా తెలియదు. దాన్ని ఖాళీగా వదలండి, లేదా అక్కడా ఎన్‌క్రిప్ట్ అయిన అడ్రసే ఇవ్వండి. ఆ తర్వాత టెస్ట్ బటన్ నొక్కి, పనిచేస్తోందని చూసుకుని సేవ్ చేయండి.

పై-హోల్ ఉన్నవాళ్లకు ఒక మాట. బయటికి వెళ్లే ప్రశ్నను ఎన్‌క్రిప్ట్ చేయడం దానికదే చేయదు. డీఎన్‌ఎస్‌క్రిప్ట్ ప్రాక్సీ లాంటి తోడు ప్రోగ్రామ్ ఒకటి అదే పెట్టెలో పెట్టి, పై-హోల్ దాన్ని అడిగేలా చేయాలి.

పెట్టె పని అయింది. ఇంట్లో పరికరాలన్నీ నిజంగా ఆ పెట్టెనే అడుగుతున్నాయా? చాలామందికి ఇక్కడే దెబ్బ తగులుతుంది. రూటర్‌లో డీఎన్ఎస్ అని రెండు గడులుంటాయి. మొదటిదానిలో మన పెట్టె నంబరు రాస్తారు. రెండోది ఖాళీగా ఎందుకని, అత్యవసరానికి ఉంటుందిలే అని, బయటి నంబరొకటి రాసేస్తారు. పరికరాలు ఆ రెండోదాన్ని అత్యవసరానికి దాచిపెట్టుకోవు. ఇష్టమొచ్చినప్పుడు దాన్నీ అడుగుతాయి. అప్పుడు ప్రకటనలు వస్తాయి, ప్రశ్నలూ బహిరంగంగా పోతాయి. రెండో గడిలో బయటి నంబరు పెట్టకండి. కొన్ని రూటర్లలో ఐపీవీ6 కోసం, అంటే కొత్త తరహా నంబర్ల కోసం, వేరే డీఎన్ఎస్ గడి ఉంటుంది. దాన్నీ చూడండి. నెట్‌వాళ్లు ఇచ్చిన కొన్ని రూటర్లు అసలు డీఎన్ఎస్ మార్చనివ్వవు. అలాంటప్పుడు రూటర్‌లో డీహెచ్‌సీపీ, అంటే పరికరాలకు నంబర్లు ఇచ్చి డీఎన్ఎస్ కోసం ఎవరిని అడగాలో చెప్పే ఏర్పాటు, ఆపేసి ఆ పని కూడా మన పెట్టెకే అప్పగించాలి.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఒక సెట్టింగ్ ఉంది. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి ఉంది. అందులో ఏదైనా బయటి సంస్థ పేరు రాసి ఉంటే ఆ ఫోన్ మీ పెట్టె ముఖం చూడకుండా నేరుగా అక్కడికే వెళ్తుంది. బయట తిరిగేటప్పుడు అది మంచిదే. ఇంట్లో మాత్రం ఆ ఫోన్‌లో మళ్లీ ప్రకటనలు మొదలవుతాయి. ఆటోమేటిక్ అని ఉంచితే చాలు.

ఇక మన ఊళ్లకు సంబంధించిన విషయం, కరెంటు. అది పోతే ఎన్‌క్రిప్షన్‌కూ చిక్కు రావచ్చు. సంభాషణ ఎన్‌క్రిప్ట్ చేయాలంటే అవతలివాళ్లు నిజంగా వాళ్లేనా అని పెట్టె ముందు తేల్చుకోవాలి. అందుకు వాళ్ల సర్టిఫికెట్ చూస్తుంది. ఆ సర్టిఫికెట్ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుంది. అంటే మన పెట్టెకు ఇవాళ తేదీ ఎంతో సరిగ్గా తెలియాలి. రాస్ప్‌బెర్రీ పై 5 కంటే ముందు వచ్చిన మోడళ్లలో కరెంటు లేనప్పుడు కూడా నడిచే గడియారం లేదు. అయిదో మోడల్‌లో ఉంది గానీ దానికి బ్యాటరీ విడిగా తగిలించాలి. గంట సేపు కరెంటు పోయి వస్తే సాధారణంగా ఏమీ కాదు. వేసవి సెలవులకు అన్నీ కట్టేసి ఊరెళ్లి నెల తర్వాత వచ్చారనుకోండి. పెట్టె ఆన్ చేస్తే అది ఇంకా మీరు వెళ్లిన రోజులోనే ఉంటుంది. ఈ మధ్యలో అవతలివాళ్లు సర్టిఫికెట్ మార్చి ఉంటే, దీని దృష్టిలో అది ఇంకా అమల్లోకి రానిది. చెల్లదంటుంది. సరే, ఇంటర్నెట్‌లో టైము చెప్పే సర్వర్‌ను అడిగి తేదీ సరిచేసుకుందామంటే ఆ సర్వర్ నంబరు కోసం డీఎన్ఎస్ కావాలి. డీఎన్ఎస్ పనిచేయాలంటే తేదీ సరిగ్గా ఉండాలి. ఇల్లంతా నెట్ ఆగిపోతుంది. కారణం ఎంత వెతికినా ఓ పట్టాన దొరకదు.

దీనికి మందు తేలికే. పెట్టె తన సొంత అవసరాలకు వాడే డీఎన్ఎస్‌గా రూటర్‌నే ఉంచండి. ఇంట్లోవాళ్ల ప్రశ్నలు ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తాయి. పెట్టె తన టైము మాత్రం మామూలు పద్ధతిలో అడిగి తెలుసుకుంటుంది. రూటర్లకు పెట్టే చిన్న యూపీఎస్‌లు బజార్లో దొరుకుతున్నాయి. వోల్టేజీ, కనెక్షన్ సరిపోయేది చూసుకుని పెట్టెకూ ఒకటి పెట్టండి. ఉన్నట్టుండి కరెంటు పోతూ ఉంటే పెట్టెలోని మెమరీ కార్డు దెబ్బతినవచ్చు.

ఇంత చేశాక ఇక మనల్ని ఎవరూ కనిపెట్టలేరనుకోవద్దు. మీరు ఏ నంబరుతో మాట్లాడుతున్నారో నెట్ ఇచ్చినవాళ్లకు ఇంకా కనిపిస్తుంది. చాలా వెబ్‌సైట్లతో మాట మొదలుపెట్టేటప్పుడు బ్రౌజర్ ఆ వెబ్‌సైట్ పేరును ఇప్పటికీ విప్పి చెబుతుంది. దాన్ని కూడా దాచే పద్ధతి వచ్చింది గానీ అన్ని చోట్లకూ చేరలేదు. యూట్యూబ్ ప్రకటనలు కూడా ఈ పెట్టెతో ఆగవు. వీడియో వచ్చే చోటి నుంచే ప్రకటనా వస్తుంది కాబట్టి పేరు చూసి విడదీయడం కుదరదు. కొంత తగ్గింది, అంతా పోలేదు. ఉన్నమాట అదీ. తగ్గిన ఆ కొంతా తక్కువేమీ కాదు.

చివరిగా నా మనసుకు బాగా పట్టిన సంగతి ఒకటి. ఇందాక లాగ్ గురించి చెప్పాను. ఎవరి ఫోన్ ఏ పేరు అడిగిందో టైముతో సహా అందులో ఉంటుంది. వీధిలో వాళ్లు వినకూడదని ఇంత శ్రమపడ్డాం. ఆ పేజీ తెరిచే పాస్‌వర్డ్ ఉన్నవాళ్లు ఇంట్లో అందరి ప్రశ్నలూ చదవగలరు. కోడలివి, ఎదిగిన కూతురివి, అద్దెకున్న కుర్రాడివి, మంచాన ఉన్న తాతగారివి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, జస్టిస్ పుట్టస్వామి కేసులో, గోప్యత పౌరుడి ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. ఇంటి నాలుగు గోడల మధ్య ఆ హక్కును ఏ కోర్టూ రోజూ వచ్చి కాపాడదు. మనమే చూసుకోవాలి. సెట్టింగ్స్‌లో లాగ్ పూర్తిగా ఆపేసే వీలుంది. ఎవరి పరికరమో తెలియకుండా చేసే వీలుంది. త్వరగా చెరిగిపోయేలా పెట్టే వీలుంది. పెట్టె కుదురుకునేదాకా లాగ్ ఉంచండి. ఆ తర్వాత ఆపేయండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, ఇలాంటి పెట్టె పెడుతున్నాం, ఇందులో ఇది కనిపిస్తుంది, ఇది కనిపించకుండా చేశాం అని.

ఇంకో మాట కూడా చెప్పండి. గూగుల్‌లో వెతికితే పైన స్పాన్సర్డ్ అని వచ్చే లింకులు కొన్ని ఇకమీదట తెరుచుకోవు. మీరు ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేస్తుంది. "ఒరేయ్, గ్యాస్ బుక్ చేద్దామంటే ఏదీ రావట్లేదురా" అంటుంది. ఆవిడకు డీఎన్ఎస్ గురించి ఫోన్‌లో చెప్పలేరు. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి రూటర్ పక్కన అంటించండి. పైన వచ్చిన లింకు తెరుచుకోకపోతే దాని కింది లింకు నొక్కాలి. ఏదీ రాకపోతే ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా వేసుకోవాలి. అప్పటికీ తొందరైతే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు. ఈ కాగితం అంటించాకే సెట్టింగ్స్ మార్చడం మొదలుపెట్టండి.